అమెరికా ఆటలో నా అరుపు

గురువారం, పొద్దున పదకొండు దాటి పది నిమిషాలు. గడియారం చూడటం నాకు అక్షరాలకంటే ముందే వచ్చు, కాబట్టి ఈ ఒక్క సంగతిలో నన్నెవరూ తప్పుపట్టలేరు. మా ఇంటి పై అంతస్తులో కంప్యూటర్ ముందు నలుగురు కూర్చుని, అమెరికా నుంచి వచ్చిన ఒక రాతను చదువుతున్నారు. వాళ్ళు తయారుచేసిన ఆట బాగుందో లేదో అక్కడి పత్రికాయన రాసిన రాత అది. పైకి చదువుతున్న అమ్మాయి సగంలో ఒక మాట దగ్గర ఆగిపోయింది. ఆ మాట నాది.

ఎట్లా నాదైందో చెప్పాలంటే ఏడాది వెనక్కి పోవాలి.

మాది హఫీజ్‌పేట్, స్టేషన్‌కు ఇవతలి వైపు. మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల కోసం ఆ గుండ్రటి పెద్ద మేడ లేచిన రోజుల్లో మా చుట్టుపక్కల ప్రతి ఇంటిమీదా ఇంకో అంతస్తు లేచింది. మేమూ లేపాం. సంసారులకు కిరాయికి ఇద్దామనుకుంటే కంప్యూటర్ల వాళ్ళు వచ్చారు. ఒక మేనేజరు, ఆయన కింద కొందరు పిల్లలు. దాదాపు అందరూ కోస్తా వైపు నుంచి వచ్చినవాళ్ళే, కూకట్‌పల్లి కాలనీలో ఉండేవాళ్ళు. వచ్చిన వారానికే కిటికీలకు ఏసీలు బిగించారు. చల్లగాలి వాళ్ళకు, కారే నీళ్ళు కింద మా బట్టల తీగకు. ఆ నీళ్ళ గురించి కొట్లాడటానికి పైకి పోవడం, కొట్లాట అయ్యాక కూర్చోవడం, అట్లా నాకు వాళ్ళ పని తెలిసింది.

వాళ్ళ పని ఆట. అమెరికాలో టీవీకి తగిలించే పెట్టెలో ఆడుకునేందుకు చేసిన ఫుట్‌బాల్ ఆటను, వీళ్ళు మామూలు కంప్యూటర్‌లో ఆడేటట్టు మార్చాలి. మొదటిసారి చూసినప్పుడు నాకు మోసంలా అనిపించింది.

"ఏంది సారూ గిది? ఫుట్‌బాల్ అంటివి, ఒక్కడన్న కాలుతోని తంతలేడు!"

"ఇది అమెరికా ఫుట్‌బాల్ అండి అమ్మగారూ. చేత్తో పట్టుకుని పరిగెడతారు," అన్నాడు మేనేజరు.

"మరి చేతిబంతి అనరాదు?"

ఆయనకూ ఆ ఆట తెలియదని తర్వాత అర్థమైంది. ఆ గదిలో ఎవరికీ తెలియదు. అమెరికా వాళ్ళు పంపిన లావు పుస్తకం చూసి నేర్చుకున్నారు. రెండు జట్లు ఎదురెదురుగా వంగి నిలబడతాయి. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు. ఆ నాలుగింట్లో ఇంత దూరమని ముందుకు జరగాలి, జరగకపోతే బంతి అవతలివాళ్ళకు. జరగనివ్వకుండా అవతలివాళ్ళు వచ్చి మీద పడతారు. ప్రతిసారీ కాసేపే ఆట, మళ్ళీ ఆగడం, మళ్ళీ వంగి నిలబడటం. ఎవరు ఎటు పరిగెత్తాలో తెరమీద సున్నాలు, ఇంటూ గుర్తులు, బాణాలతో చూపిస్తుంది. అట్లాంటివి వందల్లో ఉన్నాయట, కావలసినది ఏరుకోవచ్చట. వాన కావాలంటే వాన పడుతుంది, మంచు కావాలంటే మంచు, బట్టలకు బురద కూడా అంటుకుంటుంది. పడ్డవాణ్ణి మళ్ళీ నాలుగు దిక్కుల నుంచి పడేసి చూపిస్తుంది. "వాడు ఒక్కసారి పడ్డది సాలదా?" అన్నాను నేను. అక్కడివాళ్ళకు అదే ఇష్టమట.

ఇంకొకటి ఉంది. కొత్త ఆటగాణ్ణి మనమే పుట్టించుకోవచ్చు. పొడుగు, లావు, రంగు, వీపు మీద నంబరు, పేరు, అన్నీ మన ఇష్టం. తెరమీది ఆటగాళ్ళ బొమ్మలు ఆడించే పిల్లలు ఇద్దరుండేవాళ్ళు. వాళ్ళు మేనేజరు పేరుతో పొట్టిగా, పొట్టతో ఒకణ్ణి పుట్టించి, మధ్యాహ్నం అన్నాలప్పుడు వాడిమీద పదిమందిని పడేసేవాళ్ళు. సారు మెట్లెక్కే చప్పుడు వినబడగానే వాణ్ణి మాయం చేసేవాళ్ళు. నేను చూస్తూనే ఉన్నా, సారుతో చెప్పలేదు. నాకూ సరదాగానే ఉండేది.

ఇక ఆ అమ్మాయి. తెనాలి వైపు పిల్ల. వాళ్ళ నాన్నకు మైకుసెట్టు దుకాణం ఉంది. పెళ్ళిళ్ళకు, మీటింగులకు మైకులు, లౌడ్ స్పీకర్లు కిరాయికి ఇస్తాడు. ఈ పిల్ల ఇంజినీరింగు చదివింది గాని చెవి మాత్రం తండ్రి దుకాణంలోనే తయారైంది. నేను మెట్లమీద ఏ చెప్పులతో వస్తున్నానో లోపలి నుంచే చెప్పేది. ఆటలో వినబడేవన్నీ ఆమె పని. ఆర్నెల్లు చూసి నచ్చితేనే ఉంచుకుంటామని తీసుకున్నారు. నచ్చకపోతే కూకట్‌పల్లిలో బంధువుల దుకాణంలో బిల్లులు కొట్టే పని ఉంది, అందులోకి పోవాలి. ఆ సంగతి నాకు మెట్లమీద కూర్చుని తనే చెప్పింది. "అక్కడ రోజంతా వినబడేది ప్రింటరు చప్పుడొక్కటే పెద్దమ్మా," అంది.

ఆమెకు పెట్టిన పరీక్ష జనం గోల. అమెరికా వాళ్ళు అక్కడి స్టేడియంలో పట్టిన గోలను కంప్యూటర్ ఆటకు వాడుకునే హక్కు వీళ్ళకు రాలేదట. మీరే చేసుకోండి అన్నారు, ఒక షరతు పెట్టారు. గోలలో ఏ మాటా వినబడకూడదు. మేనేజరు ఆ షరతుకు తన భయం కూడా కలిపాడు.

"అమెరికా స్టేడియంలో ఎవడో తెలుగులో అరిస్తే మన పని అయిపోయినట్టే. క్లయింటు సౌండ్ బాలేదంటే మాత్రం నేను నిన్ను ఉంచలేనమ్మా. ముందే చెబుతున్నా."

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన మీద కూడా ఎవడో ఒకడు ఉండి అట్లాగే చెబుతుంటాడు.

ముందు ఆఫీసు పిల్లలనే నిలబెట్టి అరిపించింది. నేను కింద నుంచి విని, ఎవరికైనా కడుపునొప్పి వచ్చిందేమోనని పైకి పరుగెత్తాను. చూస్తే అందరూ గోడవైపు తిరిగి, సిగ్గుపడుతూ, "ఏ... ఏ..." అంటున్నారు.

"గదేం అరుపు? బస్సు ఆపుతున్నరా?" అన్నాను. అమ్మాయికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

తర్వాత కాలనీలో క్రికెట్ ఆడే చోటికి పోయి పట్టుకొచ్చింది. అదీ కుదరలేదు. క్రికెట్‌లో ఎప్పుడో ఒక అరుపు, తర్వాత పల్లీలు తినే చప్పుడు. ఈ ఆటకు కావలసినది వేరే. వంగి నిలబడ్డప్పుడు బిగబట్టిన జనం, బంతి కదలగానే లేవాలి, మీదపడి పట్టుకోగానే పగలాలి, వెంటనే అణగాలి. మళ్ళీ మొదటినుంచి.

అది ఎక్కడ దొరుకుతుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఒక ఆదివారం స్టేషన్ నుంచి నడిచి వస్తూ, రైలు పట్టాల పక్కన ఖాళీ జాగాలో మా వాళ్ళ ఆట విని నిలబడిపోయింది. అక్కడి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది, రొప్పుతూ.

"పెద్దమ్మా, అక్కడ చెడుగుడు ఆడుతున్నారు. నాకు కావాల్సిన గోల అదే!"

"చెడుగుడు గాదు, కబడ్డీ అను. గీడ చెడుగుడు అంటే నిన్నే పట్టుకుంటరు."

"ఏదైతే ఏంటి పెద్దమ్మా! వచ్చే ఆదివారం నాతో వస్తారా? అంతమంది మగాళ్ళలో మైకు పట్టుకుని ఒక్కదాన్నే ఎలా నిలబడను?"

పోయాను. మా బస్తీకి మియాపూర్ వాళ్ళకు పోటీ. మా తమ్ముడి కొడుకు మా జట్టులో కాళ్ళు పట్టేవాడు. అంటే కూతకు వచ్చినవాడి చీలమండ దొరకబుచ్చుకుని నేలమీద పడిపోయేవాడు. అమ్మాయి గట్టుమీద కర్రకు ఒక మైకు కట్టింది. అంతే, జనం ఆటను వదిలి మైకు మీద పడ్డారు. "హలో, హలో, మైక్ టెస్టింగ్" అని ఒకడు, వాళ్ళ నాయకుడికి జిందాబాద్ అని ఒకడు, బావమరిదిని పేరుపెట్టి తిట్టేవాడొకడు. ఇక పని అయినట్టే అనుకున్నాను. ఆ పిల్ల మాత్రం నిమ్మళంగా ఉంది. నాకు తెలియనిదేమంటే ఆ మైకుకు ప్రాణం లేదు. పెళ్ళిళ్ళలో వాళ్ళ నాన్న చేసే ఉపాయమట. జనం ముచ్చట తీర్చుకోవడానికి ఒక చచ్చిన మైకు ముందు పెట్టి, అసలుది ఎక్కడో దాచేవాడట. ఆమె అసలు మైకును వెనక వేపచెట్టు కొమ్మలో కట్టింది. ఎండగా ఉంది. నీడ చూసుకుని నేను పోయి నిలబడ్డది ఆ చెట్టు కిందనే.

హలోలు అయిపోయాక జనం ఆటలో పడ్డారు. ఒకసారి బాగా అందుకున్న వేళకు గూడ్సు బండి కూతపెట్టుకుంటూ పోయింది, ఆ ముక్క పనికిరాలేదు. సాయంత్రం ఆట బిగిసింది. మియాపూర్ పిల్లగాడు కూతకు వచ్చాడు, దున్నపోతులా ఉన్నాడు. మా తమ్ముడి కొడుకు వాడి కాలు దొరకబుచ్చుకున్నాడు. వాడు ఈడ్చుకుంటూ గీత దాకా పోతున్నాడు, మావాడు మట్టిలో పాకుతూ వదలడం లేదు. నోరు మూసుకుని ఉంటానని అమ్మాయికి మాట ఇచ్చాను. ఆ మాట ఏమైందో నాకు తెలియదు.

"ఇడువకూ!" అని అరిచాను.

నా వెనకనే రెండు బస్తీల జనం లేచింది.

తర్వాత పదిహేను రోజులు ఆ పిల్ల చెవులకు దిప్పలు, అదే హెడ్‌ఫోన్లు, పెట్టుకుని ఆ గోలను కోసింది, అతికింది. తిట్లు తీసేసింది, పేర్లు తీసేసింది, చెట్టుమీద కాకిని తీసేసింది. ఒకరోజు నన్ను పైకి పిలిచి ఆ దిప్పలు నా చెవులకు తగిలించింది.

"ఇది వినండి. ఇందులో మీ గొంతుంది."

విన్నాను. నా గొంతు నాకే మా అత్త గొంతులా వినబడింది.

"ఇప్పుడిది. మీ గొంతు తీసేశాను."

జనం ఉన్నారు, అంతమందీ ఉన్నారు. కానీ ఎవరూ ఏమీ చూడటం లేదు. ఇంటిమీది కవేలు పెంకుల మీద వాన పడ్డట్టు ఉంది.

"మీ అరుపు మీదే మిగతావాళ్ళంతా లేచారు పెద్దమ్మా. అది తీస్తే అందరూ ఊరికే నోరు తెరిచినట్టుంది. ఎన్ని రకాలుగా చూసినా అంతే. ఇంతకీ ఏమన్నారు? ఇడువ... వదలొద్దనా?"

"గంతే. ఇడువకు. మీ దిక్కు ఏమంటరో నాకేం ఎరుక."

ఆ మాటతో నాకు పాత లెక్క ఒకటి ఉంది. నేను చదువు నేర్చింది యాభై దాటాక, సాయంత్రం బడిలో. మనవరాలి వయసు పంతులమ్మ చెప్పేది. సొంతంగా ఒక వాక్యం రాయండి అంటే, "చెయ్యి ఇడువకు" అని రాశాను. ఆమె ఎర్ర సిరాతో ముందు "వి" పెట్టింది. 'విడువకు' అని రాయాలట. నోట్లో లేని అక్షరం చేతికి ఎక్కడి నుంచి వస్తుందమ్మా అని అడిగితే, పుస్తకంలో ఉంటుంది కాబట్టి రాయాలంది. రాశాను. ఇప్పటికీ రాతలో ఆ "వి" పెడతాను, నోట్లో పెట్టను.

"తీసేయ్ బిడ్డా. నా నోరు పెద్దది. నీ నౌకరి పోతది," అన్నాను.

ఆమె దిప్పల తీగను వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"క్లయింటుకు తెలుగు రాదు కదా. వాళ్ళకది మాట కాదు, అరుపే."

"మీ సారుకు వస్తది గదా?"

"సారు మా యాస వాళ్ళే. ఇంత గోలలో ఇడువకు అంటే ఆయనకీ పట్టుబడదు." కొంచెం తగ్గించి, జనం లోపలికి తోసి, ఉంచేసింది.

ఆట అమెరికాకు పోయింది, అక్కడ దుకాణాల్లోకి వచ్చింది. ఆర్నెల్ల గడువు దాటినా మేనేజరు ఆమెను ఉంచుతున్నాననీ అనలేదు, పొమ్మనీ అనలేదు. అక్కడి పత్రికల వాళ్ళు ఏమంటారో చూద్దాం అన్నాడు. ఆ పిల్ల నెలరోజులు అట్లా సగం కుర్చీలో కూర్చున్నట్టు పనిచేసింది.

ఇక ఆ గురువారం. నేను ఏసీ నీళ్ళ సంగతి తేల్చుకుందామని పైకి పోయాను. ఫోను తీగ కీచుమని అరుస్తూ ఇంటర్నెట్టు కలుస్తోంది. క్లయింటు ఒక మెయిలు పంపాడు, అందులో అక్కడి పత్రికాయన రాసిన రాత మొత్తం ఉందట. మేనేజరు కళ్ళజోడు ఇంట్లో మరిచివచ్చాడు. "చదవమ్మా," అని అమ్మాయిని కూర్చోబెట్టాడు. ఆమె ఇంగ్లీషులో చూస్తూ తెలుగులో చెబుతోంది.

బంతి విసరడం బాగుందన్నాడు. ఏరుకోవడానికి ఎత్తులు కావలసినన్ని ఉన్నాయన్నాడు. మంచు పడటం చూసి ముచ్చటపడ్డాడు. ఆ తర్వాత మొదలుపెట్టాడు. ఆటగాళ్ళందరికీ ఒకే ముఖమట. అరికాల్లో ముల్లు గుచ్చుకున్నట్టు పరిగెడుతున్నారట. బొమ్మల పిల్లలిద్దరూ తలలు దించుకున్నారు. కంప్యూటర్ ఆడే జట్టుకు బుద్ధి లేదట, ఒకే ఎత్తు వేస్తూపోతే ప్రతిసారీ ఓడిపోతుందట. వ్యాఖ్యానం చెప్పే గొంతు అన్నదే అంటుందట. పాత కంప్యూటర్లలో ఆట నత్తలా నడుస్తుందట. మేనేజరు ఒక్కో దానికీ చొక్కా బొత్తాం పట్టుకుని తిప్పుతున్నాడు.

"ఇంక జనం గోల గురించండి," అంది అమ్మాయి. "కంప్యూటర్ ఆటల్లో ఇంత ప్రాణమున్న జనాన్ని ఇంతవరకు వినలేదట. మనిషిని పట్టి పడేసినప్పుడల్లా జనం మధ్యలో ఒక ఆడమనిషి ఒకే మాట అరుస్తుందట. ఎన్నోసార్లు వెనక్కి తిప్పి విన్నాడట. అది..."

అక్కడ ఆగిపోయింది.

మేనేజరు తెరకు ముక్కు ఆనించి, అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. "ఈ... డు... వ... కు. ఏంటిది? జట్టు పేరా?"

"అమెరికాలో ఊరేమోనండి," అన్నాడు బొమ్మల పిల్లల్లో ఒకడు.

నేను వంగి చూశాను. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు నాకు బస్సు బోర్డుల మీద కొంచెం కొంచెం పట్టుబడ్డాయి. మధ్యమధ్య గీతలు పెట్టి, ముక్కముక్కగా రాశాడు. నేను పలక మీద రాసినట్టే. అర్థం తెలియదు, ఎవరి భాషో తెలియదు, చెవికి వచ్చినదాన్ని వచ్చినట్టు పెట్టుకున్నాడు పాపం. ముందు "వి" లేదు. పంతులమ్మ కొట్టేసిన మాటను ఆ అమెరికా ఆయన నేను పలికినట్టే రాశాడు. నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

చెబుదామని నోరు తెరిచాను. ఆ పిల్ల నాకంటే ముందు అంది.

"అది తెలుగేనండి. పెద్దమ్మ గొంతు. తెలిసే ఉంచాను."

మేనేజరు తెరమీది నుంచి ముఖం ఎత్తాడు.

"మాట వినబడకూడదని చెప్పానా లేదా?" అన్నాడు మేనేజరు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"చెప్పారండి."

"మరి?"

"తీసి చూశానండి. తీసేసింది కూడా దాచాను. రెండూ వినండి, ఆ తర్వాత మీ ఇష్టం."

రెండూ వినిపించింది. ముందు నేను లేనిది, తర్వాత నేను ఉన్నది. రెండోది వచ్చినప్పుడు బొమ్మల పిల్లగాడొకడు కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు, వాడికే తెలియకుండా. మేనేజరు అది చూశాడు. చూసి కూడా, "బాగుండటం వేరు, చెప్పింది చేయడం వేరు. క్లయింటుకు నేనేమని రాయను?" అన్నాడు. అమ్మాయి సంచి తీసుకోవడానికి కుర్చీ వెనక్కి జరిపింది.

నాకు ఒళ్ళు మండింది. చదువు ఆలస్యంగా వచ్చినవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. కాగితం ఇంకా ఎంత మిగిలిందో చూసుకుంటాం. తెర పక్కన, చదివేకొద్దీ దిగే ఆ చిన్న కడ్డీ ఇంకా కిందికి పోలేదు.

"ఆగుండ్రి! ఇంక కింద రాత ఉన్నట్టుంది గదా? సగం సదివి కొట్లాడుడేంది సారూ? మొత్తం సదివి కొట్లాడుండ్రి."

అమ్మాయి నిలబడే చదివింది. పత్రికాయన ఇంకా ఇట్లా రాశాడు: ఈ ఆడమనిషి ప్రతి స్టేడియంలోనూ ఉంది. మంచులో ఉంది, వానలో ఉంది, ఈ తీరం నుంచి ఆ తీరం దాకా ఏ ఊళ్ళో ఆట పెట్టినా ముందే వచ్చి కూర్చుంటుంది. ఎవరు ఎవరిని పట్టుకున్నా అరుస్తుంది, ఆమెది ఏ జట్టో తేల్చుకోలేకపోయాను. ఆమె అంటే నాకు ఇష్టం పుట్టింది గాని, ఆమెకు కాస్త విశ్రాంతి ఇవ్వండి, తోడుగా ఇంకా కొందరిని పంపండి.

బొమ్మల పిల్లలిద్దరూ పగలబడి నవ్వారు. "పెద్దమ్మా, టిక్కెట్ లేకుండా అమెరికా అంతా తిరిగొచ్చావ్!"

"మీరు మాత్రం ఊకె గూసున్నరా? అందరికీ ఒక్కటే మొఖం పెట్టిండ్రు," అన్నాను. నవ్వు ఆగింది.

దాని కింద క్లయింటు రాసినవి రెండు వాక్యాలు. వచ్చే ఏడాది ఆటకు ఊరికొక జనం వేరువేరుగా కావాలి. ఈ గోల చేసినవాళ్ళే అదీ చేయాలి. మాట సంగతి ఏమీ ఎత్తలేదు.

మేనేజరు చొక్కా బొత్తాం వదిలాడు. అది అప్పటికే ఊడి చేతిలోకి వచ్చింది.

"ఆదివారం మళ్ళీ ఆట ఉంటుందా?" అని అడిగాడు, అమ్మాయిని కాదు, బొత్తాన్ని అడిగినట్టు.

"అంటే... నన్ను ఉంచుతున్నట్టేనాండి?"

"లేకపోతే ఈ ఊళ్ళో గోల ఎక్కడ దొరుకుతుందో నేనెక్కడ వెతకను? కూర్చో. ఈసారి మాత్రం ఎవరేం అరుస్తున్నారో ముందు నాకు అర్థం చెప్పి మరీ పెట్టు."

ఆమె కూర్చుంది. కుర్చీ నిండా కూర్చుంది. కళ్ళు తుడుచుకుని, మొదటిమాట నాతోనే అంది: "పెద్దమ్మా, ఈసారి మీరు చెట్టుకింద నిలబడొద్దు."

"నీడ యాడుంటే ఆడ నిలబడ్త. మైకు నువ్వు జరుపుకో."

ఆ రోజు పైగదిలో ఉన్నవాళ్ళు: కళ్ళజోడు మరిచివచ్చిన మేనేజరు సారు, తెనాలి మైకుసెట్టు వాళ్ళమ్మాయి, బొమ్మలు ఆడించే పిల్లలిద్దరు, ఏసీ నీళ్ళ సంగతి అడగడానికి పోయి అడగకుండానే దిగివచ్చిన నేను. కంప్యూటర్ పెట్టెలో, మా తమ్ముడి కొడుకు, వాడు కాలు పట్టుకున్న మియాపూర్ పిల్లగాడు, గట్టుమీది రెండు బస్తీల జనం. రాసిన అమెరికా ఆయన మనిషిగా అక్కడ లేడు, కానీ నేను ఆయన్ను కూడా కలుపుకుంటాను.